బచ్చేదానీకి ఏ లిపి?

సర్కారు దవాఖాన గోడ మీద నాలుగు ఉర్దూ అక్షరాలు కనబడితే చాలు, మైనారిటీల భాషకు న్యాయం జరిగిపోయిందని అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లలో అధికారులున్నారు, ఉర్దూ సంఘాల పెద్దలున్నారు, మన సెక్యులర్ దోస్తులూ ఉన్నారు. ఆ గోడ మీద తెలుగులో ‘కుటుంబ నియంత్రణ’ అని ఉంటుంది. దాని కింద ఉర్దూలో ‘ఖాందానీ మన్సూబాబందీ’. రెండు భాషలు, రెండు లిపులు, లెక్క సరిపోయింది. కానీ నల్లగొండలోగానీ పాలమూరులోగానీ ఏ ముస్లిం ఇంట్లోనైనా ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని ‘ఖాందానీ మన్సూబాబందీ కరాలీ క్యా?’ అని అడగ్గా ఎవరైనా విన్నారా? ‘ఆపరేషన్ కరాలీ?’ అంటుంది. పక్కింటి తెలుగామె కూడా ‘కుటుంబ నియంత్రణ చేయించుకున్నవా’ అనదు. ‘ఆపరేషన్ అయిందా’ అంటుంది. గోడ మీద రెండు భాషలున్నాయి. గోడ కింద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లవి మాత్రం ఆ రెండూ కావు.

మన ఇళ్లల్లో ఈ సంగతులు ఏ మాటల్లో నడుస్తాయో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. కడుపుతో ఉంటే ‘పేట్ సే హై’. నెల తప్పితే ‘దిన్ చఢ్ గయే’. కాన్పు ‘జచ్చగీ’, బాలింత ‘జచ్చా’. కడుపు పోతే ‘హమల్ గిర్ గయా’. తెల్లబట్ట ‘సఫేదీ’. గర్భసంచి ‘బచ్చేదానీ’. ముట్టుకు మాత్రం చాలా ఇళ్లల్లో సూటి పేరు లేదు. ‘మేరేకు నమాజ్ నైఁ’ అంటారు. నాకు నమాజు లేదు అంటే విన్న ఆడవాళ్లందరికీ అర్థమవుతుంది. పక్కింట్లో ‘బయట ఉన్న’, ‘దూరమున్న’ అంటారు. ఒకామె దేవుడికి దూరంగా, ఇంకొకామె ఇంటికి దూరంగా - ఇద్దరూ నెత్తురు పేరెత్తకుండానే చెప్పుకుంటారు. ఊరి తెలుగులో నీళ్లోసుకున్నది అంటే కడుపు నిలిచిందని, నీళ్లాడింది అంటే కాన్పయిందని. ఇంత కళకళలాడే మాటలు రెండు వైపులా ఉంటే, దవాఖానలో పంచే కాగితంలో ఏముంటుంది? ‘ఋతుస్రావం’, ‘అవాంఛిత గర్భం’, ‘ప్రసవానంతర రక్తస్రావం’, ‘గర్భాశయ ముఖద్వారం’. ఉర్దూ కాగితం దొరికితే అందులో ‘రహమ్’, ‘ఇస్ఖాతె హమల్’, ‘మానె హమల్’. ఒకటి సంస్కృతం, ఇంకొకటి అరబ్బీ. ఈ రెండు జిల్లాల ఆడవాళ్ల నోటికి రెండూ దూరమే.

నోటి సంగతి ఇది. కంటి సంగతి వేరు. 2011 లెక్కల్లో పాలమూరు జిల్లాలో నూటికి ఎనిమిది మంది, నల్లగొండలో ఐదుగురు ముస్లింలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యతలో అట్టడుగు జిల్లా పాలమూరే. అక్కడి ఆడవాళ్లలో సగం మందికి కూడా చదువు రాదు. చదువుకున్న మన ఆడపిల్లల్లో ఎక్కువమంది చదివింది తెలుగు మీడియం. ఊళ్లల్లో ఉన్న బడి అదే మరి. ఖురాన్ అక్షరాలు పలకడం మౌల్వీ దగ్గర నేర్చుకుంటారు, అర్థం తెలియకుండా. ఉర్దూ రాతను గడగడా చదివేవాళ్లు పట్నాలలో ఉన్నారు, పాత తరంలో ఉన్నారు. ఊరి పిల్లకు మాత్రం నోట్లో ఉర్దూ, కంట్లో తెలుగు. ఆమె చేతికి ఉర్దూ కాగితమిస్తే చదవలేదు, తెలుగు కాగితమిస్తే చదివి అర్థం చేసుకోలేదు.

దీని ఫలితం ఓపీ గదిలో కనబడుతుంది. నల్లగొండ జిల్లాలో ఒక దవాఖానలో ఒకామె పక్కన నాలుగో తరగతి చదివే కొడుకు నిలబడి డాక్టరుకూ తల్లికీ మధ్య దుబాసీ పని చేయడం చూశాను. ‘సఫేదీ బహుత్ జారీ, కమర్ టూట్‌తా’ అన్నది తల్లి. తెల్లబట్ట బాగా పోతోంది, నడుము పడిపోతోంది అని. పిలగాడు ఒక్క క్షణం ఆగిండు. ‘అమ్మకు నడుం నొస్తదంట మేడం’ అన్నడు. సఫేదీ అన్న మాట ఏమిటో వాడికి తెలియదు, లేదా తెలిసీ నోరు రాలేదు. డాక్టరమ్మ నడుము నొప్పికి గోళీలు రాసింది. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇందులో ఎవరినని తప్పుబడతాం? వరస బయటిదాకా ఉంది. డాక్టరమ్మకు ఆ భాష రాదు. పిలగాడిని అసలే అనలేం. కానీ ఆ తల్లి రోగం ఆ గదిలోకి రానేలేదు. కొడుకు బదులు కూతురుంటే సిగ్గుతో సగం మింగుతుంది. మొగుడుంటే తనకు కావలసినంతే చెప్తాడు. ఇంకో పిల్ల వద్దు అని ఆమె అనుకుంటే, ఆ మాట అతని నోటి మీదుగా డాక్టరుకు చేరుతుందా? 2016లో పాలమూరులో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. మంచిదే. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి డాక్టర్లవుతున్నారు. వాళ్లకు నడుము కింద ఎన్ని ఎముకలున్నాయో తెలుసు. సఫేదీ అంటే ఏమిటో చెప్పే పుటే లేదు.

తెలుగులో ఈ పని చేసిన పుస్తకం ఒకటుంది. స్త్రీ శక్తి సంఘటన తయారు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1991లో వేసిన ‘సవాలక్ష సందేహాలు’. పేరే చూడండి, డాక్టరు చీటీలో మాట కాదు, అరుగు మీద మాట. దాని వెనుక ఒక పోరాటం కూడా ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే సూదిమందు కోసం ఆడవాళ్లను పోగుచేశారు. కడుపు రాకుండా చేసే సూది అన్నారు గానీ, అది ఇంకా ప్రయోగంలో ఉన్న మందని చెప్పలేదు. సంఘటన స్త్రీలు అక్కడికి వెళ్లి చెప్పారు. మరుసటి ఏడాది, అంటే 1986లో, మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టు మెట్లెక్కారు. స్త్రీవాదమంటే పట్నం ఆడవాళ్ల ఫ్యాషన్ అని వెక్కిరించిన మగ విమర్శకులకు ఈ కథ తెలియదో, తెలిసీ పక్కన పెట్టారో. ‘నీలిమేఘాలు’ మీద, ఓల్గా ‘రాజకీయ కథలు’ మీద - రెండూ 1993లో వచ్చాయి - పేజీలకు పేజీలు రాసినవాళ్లు, స్త్రీ శరీరం గురించి అంతకు రెండేళ్ల ముందే వచ్చిన ఈ పుస్తకాన్ని సాహిత్యంగా లెక్కలోకి తీసుకోలేదు. నా దృష్టిలో ఆ పదేళ్లలో తెలుగు వచనంలో జరిగిన పెద్ద పని అది. శరీరం మీద కవిత్వం రాయడం ఒక ధైర్యం. శరీరం ఎలా పనిచేస్తుందో అరుగు భాషలో చెప్పడం అంతకంటే కష్టం.

ఆ పుస్తకం 2004లో ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు దారి ఎప్పుడూ ఉంటుంది. తెలుగు నుంచి దక్కనీకి దారి వేయాల్సింది ఆ పుస్తకం రాసినవాళ్లు కాదు, మనం. ఆ పుస్తకంలో మన ఇల్లు లేదని కోపగించుకోవడం సులువు. మన ఇంటి మాటలు వాళ్లకు అందించినదెవరు?

ఉర్దూవాళ్ల వైపు చూస్తే బాధ ఇంకొక రకం. ఇదే గడ్డ మీద 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైనప్పుడు వైద్యం చెప్పింది ఉర్దూలోనే. 1917లో ఉస్మానియా కోసం దారుల్ తర్జుమా పెట్టి శాస్త్రాలన్నీ ఉర్దూలోకి దించారు. దేశంలో ఇంకెక్కడా లేని పని అది. అందుకు గర్వపడాల్సిందే. కానీ ఆ తర్జుమా కూర్చిన మాటలు అరబ్బీ, ఫార్సీ నిఘంటువుల్లోంచి వచ్చాయి. పండితుడి కోసం పండితుడు కూర్చినవి. జచ్చగీ చేసే దాయమ్మ దగ్గరకు వెళ్లి ‘దీన్ని ఏమంటావమ్మా’ అని అడగాలన్న ఆలోచన వాళ్లకు రాలేదు. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయింది. దాంతో మనకు అన్నీ పోయాయని పెద్దలు ఇప్పటికీ కన్నీళ్లు పెడతారు. ఆ ఉర్దూ ఉన్నరోజుల్లో కూడా దేవరకొండలోనో నారాయణపేటలోనో ఉన్న గరీబు ముస్లిం ఆడమనిషికి అందిందేమిటో ఎవరూ చెప్పరు. 2017 నవంబరులో తెలంగాణ అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. అర్జీలు అనువదించడానికి కలెక్టరేట్లలో ఉర్దూ అధికారులు వచ్చారు. అర్జీ పెట్టుకునేది ఎక్కువగా మగవాడే కదా. మన ముషాయిరాల్లోనేమో దక్కనీ వినబడితే నవ్వులు. ‘నక్కో’ అంటే నవ్వు, ‘హౌ’ అంటే నవ్వు. సులేమాన్ ఖతీబ్ లాంటి కవి ఆ భాషలో ఆడవాళ్ల గోసను పలికించినా, జనం దాన్ని హాస్యం ఖాతాలోనే వేసుకున్నారు. అమ్మ భాషను నవ్వుకోవడానికి మాత్రమే పనికొచ్చే భాషగా చేసుకున్న జాతి అమ్మ రోగాన్ని ఏ భాషలో రాసుకుంటుంది?

ఇక్కడ మన సెక్యులర్ మిత్రులకు నచ్చని ఒక మాట చెప్పాలి. ఆడదాని నెత్తురు గురించి మన ఇళ్లల్లో అసలు మాటే లేదనుకోవడం తప్పు. మాట ఉంది, అది దీనీ పుస్తకాల్లో ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అష్రఫ్ అలీ థాన్వీ రాసిన ‘బెహిష్తీ జేవర్’ను పెళ్లికూతురికి జహేజ్ సామానుతో పాటు పెట్టి పంపే ఆచారం మన దగ్గర ఉంది. ఆ పుస్తకం ఆడదాన్ని ఎక్కడ ఉంచుతుందన్న దాని మీద నాకు చాలా పేచీలున్నాయి, అది ఇంకొక వ్యాసం. అందులో ఆడవాళ్ల రోగాలకు మందులు చెప్పే భాగం ఉంది. నెత్తురు లెక్క కూడా ఉంది. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో హైజ్, అంటే ముట్టు, మూడు రోజులకు తగ్గదు, పది రోజులకు మించదు. కాన్పు తర్వాత పోయే నెత్తురు, నిఫాస్, నలభై రోజులకు మించదు. ఈ హద్దులు దాటి పోయే నెత్తురుకు వేరే పేరుంది, ఇస్తిహాజా. అది ముట్టు కాదు, రుగ్మత లాంటిది, కాబట్టి అప్పుడు నమాజు చేయాల్సిందే. ఈ లెక్క తెలిసిన ముసలమ్మలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. బడికి పోని ఆడది కూడా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటుంది, ఎందుకంటే ఆమెకు రోజాలున్నాయి, నమాజుంది.

ఒక ఏఎన్ఎంకు ఇంతకంటే మంచి ఆసరా ఏముంటుంది? ‘పది రోజులు దాటితే అది హైజ్ కాదని నీకు తెలుసు కదా ఆపా, మరి దవాఖానకు ఎందుకు రాలే’ అని అడగొచ్చు. వారం, ఎనిమిది రోజులు దాటితేనే చూపించుకోమంటారు డాక్టర్లు. ముట్టు ఆగిపోయిన ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మరక కనబడితే ఒక్కరోజు కూడా ఆగొద్దంటారు, అది క్యాన్సర్ గుర్తు కావచ్చు. కాపర్ టీ వేయించుకున్నామె దాన్ని మూడు నెలలకే ఎందుకు తీయించుకుంటుందో కూడా అప్పుడు తెలుస్తుంది. ముట్టు ఎక్కువ కావచ్చని, మధ్యలో మరకలు పడొచ్చని ఆమెకు ముందు చెప్పలేదు. మరక పడ్డ రోజున నమాజు చేయాలా వద్దా అన్న ప్రశ్న ఆమెకు అన్నింటికంటే పెద్దది. 2017 నుంచి సర్కారు ‘అంతర’ పేరుతో మూడు నెలలకోసారి వేసే సూది ఇస్తోంది. దాంతోనూ నెలసరి తప్పుతుంది, ఒక్కోసారి ఆగే పోతుంది. ఆ సంగతి చెప్పకుండా వేస్తే, ఆమె కడుపొచ్చిందని భయపడుతుంది, రెండో సూదికి రాదు. ‘వాళ్లకు మూఢనమ్మకాలు’ అని రిజిస్టర్లో రాసుకుంటారు.

అయితే ఆ లెక్కలో ఒక ప్రమాదం కూడా ఉంది. ఫిఖ్ రోజులు లెక్కపెడుతుంది, డాక్టరు తడిసిన బట్టలు లెక్కపెడతాడు. కాన్పయిన నాడే బట్ట మీద బట్ట తడుస్తుంటే, ‘నలభై రోజులు పోతూనే ఉంటది బిడ్డా’ అని అత్త ధైర్యం చెబితే ఆ పిల్ల ప్రాణానికి హామీ లేదు. చిల్లా అయ్యేదాకా గడప దాటొద్దన్న కట్టుబాటు జ్వరమొచ్చినా, వాసన వేసినా దాటనివ్వకపోతే అదీ అంతే. ఈ మాట మన ఆలిమాలు బయానుల్లో చెప్పాలి, డాక్టర్లు కాదు. మతం మాట అని దీన్నంతా పక్కన పెట్టే సెక్యులర్ మిత్రుడూ, దాంట్లో వైద్యం కూడా వచ్చేసిందనుకునే మౌల్వీ సాబూ ఆ ఆడమనిషిని ఒకే చోట వదిలేస్తున్నారు.

తెలియకుండా వేసే వేలిముద్ర ఎంత ఖరీదో ఈ చుట్టుపక్కల మనుషులకు చెప్పాల్సిన పని లేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న 13 మంది ఆడవాళ్లు చనిపోయారు. ఆ నేపథ్యంలో 2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మూడేళ్లలో శిబిరాలు ఎత్తేయమన్నది. కాగితంలో ఏముందో, ఆపరేషన్ వల్ల ఏమవుతుందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలన్నది. చెప్పిన తర్వాత మనసు మార్చుకోవడానికి ఒక గంటసేపు తీరిక కూడా ఇవ్వాలన్నది. ఒక గంట! ఆ తీర్పులో నాకు అన్నింటికంటే నచ్చిన మాట అదే. 2022 ఆగస్టు 25న, మన నల్లగొండ పొలిమేర పక్కనే, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్కరోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఆ నలుగురి పేర్లు మా పేర్లు కావు. భాష తెలిసినంత మాత్రాన చెప్పాల్సింది చెబుతారని కాదు. కానీ భాష కూడా తెలియని చోట చెప్పకపోవడానికి సాకు సిద్ధంగా ఉంటుంది.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 62 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల వంతు నూటికి ఇద్దరు. ఆ వార్డుల్లో బురఖాలూ ఉంటాయి. అయినా ‘మీవాళ్లు చేయించుకోరు కదా’ అన్న మాట మంచం పక్కనే వినబడుతుంది. 2002 గుజరాత్ ఎన్నికల సభల్లో మోగిన ‘హమ్ పాంచ్, హమారే పచ్చీస్’ మన దవాఖాన ఆయమ్మ నోటిదాకా వచ్చింది. ఇదే సర్వేల్లో ముస్లిం స్త్రీకి సగటు పిల్లలు 1992-93లో నాలుగున్నర దగ్గర ఉంటే, 2019-21 నాటికి రెండున్నర లోపుకు దిగారు. ఆ అంకె ఏ గోడ మీదా రాయరు. ఆపరేషన్‌కు భర్త సంతకం అక్కర్లేదని సర్కారు ప్రమాణాల్లోనే ఉంది. కడుపు తీయించుకోవడానికి పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషి ఒక్కదాని ఒప్పుకోలు చాలని 1971 చట్టంలోనే ఉంది. ఈ రెండు ముక్కలూ తెలియని ఆడది, మొగుడు దుబాయిలో ఉంటే అతను సెలవు మీద వచ్చేదాకా ఆగుతుంది.

తీయడం గురించి ఇంకొకటి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. పేదవాడికి పెద్దాస్పత్రి గడప అందింది, కాదనను. దాంతోపాటే బచ్చేదానీలు తీసే జాతర కూడా వచ్చింది. ‘సంచి చెడిపోయింది, తీయకపోతే క్యాన్సర్’ అంటారు. ఆ ఒక్క మాటకే అనువాదం అక్కర్లేదు, అన్ని భాషల్లోనూ క్యాన్సరే. చివరికి ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆస్పత్రుల జాబితా నుంచి తీసి సర్కారు దవాఖానలకు పరిమితం చేయాల్సి వచ్చింది.

మన సాహిత్యం దగ్గరికి వస్తాను. 1998లో ‘జల్జలా’ వచ్చినప్పుడు, 2004లో ‘వతన్’ కథలు వచ్చినప్పుడు, 2005లో షాజహానా ‘నఖాబ్’ వచ్చినప్పుడు మనం చేసిన ఒక పెద్ద పనిని మనమే సరిగా గుర్తించలేదు. మన ఇంటి ఉర్దూను తెలుగు లిపిలో రాశాం. తెలుగు పండితులు ఇదేం తెలుగన్నారు, ఉర్దూ పండితులు ఇదేం ఉర్దూ అన్నారు. కానీ ఊరి ముస్లిం పిల్ల దాన్ని చదివింది, చదివి ఇది మా అమ్మ గొంతు అనుకున్నది. నోటికీ కంటికీ మధ్య ఉన్న తెగిన తీగను కలిపింది ఆ రాతే. తండాల్లో లంబాడీలు తమ భాషను అదే లిపిలో రాసుకుంటున్నారు కదా. మరి కవిత్వానికి పనికొచ్చిన ఆ రాత కాన్పు గదికి ఎందుకు పోలేదు? బురఖా మీద రాశాం, తలాఖ్ మీద రాశాం, కర్ఫ్యూల మీద రాశాం. సఫేదీ మీద రాయడానికి వచ్చేసరికి మనకూ సిగ్గయింది. మగ కవులం కాబట్టి తెలియదంటే నమ్మను. తెలియనివి చాలానే రాశాం.

ముస్లిం అంటే ఉర్దూ అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. దూదేకుల ఇళ్లల్లో తెలుగే మాట్లాడతారు. వాళ్లకు బచ్చేదానీ అనక్కర్లేదు, గర్భసంచి అంటే చాలు. కానీ వాళ్లకూ రోజాలున్నాయి, నిఫాస్ లెక్కలున్నాయి. వాళ్లకు కావలసింది తెలుగులో, ఆ లెక్క తెలిసిన తెలుగులో. కాబట్టి ఒక కాగితంతో పని కాదు.

నమూనాకు నాలుగు ముక్కలు రాసి చూశాను, తెలుగు అక్షరాల్లోనే:

‘దస్ దిన్ సే జాస్తీ ఖూన్ జారా తో ఓ హైజ్ నైఁ, బీమారీ హై. శరం నక్కో కరో, దవాఖానేకు జావ్. జచ్చగీ కే బాద్ కపడే పో కపడా భీగ్‌రా తో చాలీస్ దిన్ కా రస్తా నక్కో దేఖో, ఉసీచ్ వఖ్త్ నిక్లో. కాగజ్ పో అంగూఠా మార్నే కే పైలే పూరా పఢ్‌కే సునావ్ బోలో. మర్ద్ కీ దస్తఖత్ జరూరీ నైఁ.’

పది రోజులు మించి నెత్తురు పోతే అది ముట్టు కాదు, రోగం, సిగ్గుపడకుండా దవాఖానకు పొండి. కాన్పు తర్వాత బట్ట మీద బట్ట తడుస్తుంటే నలభై రోజుల దాకా చూడకుండా అప్పుడే బయలుదేరండి. వేలిముద్ర వేసే ముందు కాగితమంతా చదివి వినిపించమనండి. మగవాడి సంతకం అవసరం లేదు అని. చదువు రానివాళ్ల కోసం దీన్ని గట్టిగా చదివి వినిపించాలి. మొహల్లా ఆశాకు ఆ భాష రాకపోయినా ఫరవాలేదు, తెలుగు అక్షరాలొస్తే చాలు, ఆమె నోటి నుంచి దక్కనీ దానంతటదే బయటకొస్తుంది. కొంచెం యాస తప్పుతుంది, నవ్వుతారు, నవ్వనీ.

పాలమూరులో ఒక వాకిట్లో దీన్ని చదివి వినిపిస్తే ‘జాస్తీ’ బాగుందన్నారు. నల్లగొండలో ‘జ్యాదా’ అనాలన్నారు. హైజ్ అన్న మాట మౌల్వీ నోట బాగుంటది గానీ కాగితం మీద ‘నమాజ్ నైఁ’ అనే రాయమని ఒక నడివయసామె పట్టుబట్టింది. ఒక ముసలామె అంతా విని, ఆఖరి ముక్క చాలదన్నది. ‘డాక్టర్నీ దేఖ్‌తే వఖ్త్ మర్ద్ కో బాహర్ బిఠావ్ బోల్కే బీ లిఖ్’ అన్నది. డాక్టరమ్మ చూసేటప్పుడు మొగుణ్ణి బయట కూర్చోబెట్టమని కూడా రాయమని. రాశాను.